లూజు కాదు, లౌజీ!

మా పక్కింటి వదిన కుట్టుమిషను నేర్చుకుంది. మొన్న మొదటిసారిగా మా అమ్మాయికి జాకెట్టు కుట్టి తెచ్చింది. ఇంటర్మీడియట్ చదువుతున్న మా పిల్ల వేసుకుని, అద్దంలో చూసుకుని, "లౌజీగా ఉంది" అంటూ విప్పి మంచం మీద పడేసింది. వదినకి ఆ మాట తెలీదు. "లూజయిందా అమ్మా? రేపు పట్టుకురా, రెండు కుట్లు వేసిస్తా" అంది నవ్వుతూ. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంతకీ ఏమిటీ లౌజీ? ఇంగ్లీషులో పేనుని లౌస్ అంటారు. అందులోంచి పుట్టిందే ఈ మాట. అసలర్థం పేలు పట్టినదని. ఆనక నాసిరకం, అధ్వాన్నం అనే అర్థాలొచ్చాయి. ముసురు పట్టినా లౌజీయే, సినిమా బాగోకపోయినా లౌజీయే. ఒంట్లో నలతగా ఉన్నా అదే మాట. స్నేహితుల కబుర్లలో చెల్లుతుంది గానీ పరీక్ష పేపర్లోనో, ఆఫీసు ఉత్తరంలోనో రాస్తే బాగుండదు.

పేలంటే మనకి తెలియనివా? శుభ్రమైన తలకీ పడతాయి. తలా తలా ఆనితే చాలు, పాకుతాయి. అయినా పేలున్న పిల్లంటే మురికి పిల్లని దూరంగా కూచోబెట్టడం మనం చూడలేదూ? ఆ ఈసడింపే ఈ మాటలోనూ ఉంది.

ఇంగ్లీషు మాట వాడిందని కాదు నా బాధ. మన 'చెత్త' మాత్రం తక్కువ తిందా? ఇలాంటి మాటలు మనిషిని చిన్నబుచ్చుతాయే గానీ లోపం చెప్పవు. కూర చప్పగా ఉందంటే ఉప్పు వేస్తాం. గుడ్డ పలచనంటే లైనింగు వేస్తాం. లౌజీ అంటే ఏం వేస్తాం?

ఆ రాత్రి అమ్మాయికి ఇదే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. పొద్దున్నే తనే జాకెట్టు పట్టుకెళ్ళి, "అత్తా, లూజు కాదు, చంకల దగ్గర పట్టేస్తోంది" అంది. వదిన కుట్లు విప్పి అరంగుళం వదిలింది. ఇప్పుడు చక్కగా సరిపోయింది.

నేను చెప్పకపోతే? ఆ బిగుతు జాకెట్టుకే ఇంకో రెండు కుట్లు పడేవి! బాగోలేనిదాన్ని బాగోలేదనడం తప్పు కాదు. ఎక్కడ బాగోలేదో కూడా చెప్పాలి, అంతే. కష్టపడి చేసిన చేతికి ఆ మాత్రం మర్యాద ఇవ్వొద్దూ?