వోచరు లేని మహిమ

మా ఇందిరా నగర్‌లో రెండిళ్ల అవతల యానాం నుంచి వచ్చి స్థిరపడిన ఒక క్యాథలిక్ చెల్లెమ్మ ఉంటారు. భర్త పోయాక కుటుంబ పింఛనే ఆధారం. పింఛను పడగానే అందులోంచి 200 రూపాయలు ఒక ప్రార్థనా చానల్‌కి పంపుతారు. ఫోనులో డబ్బు పంపడం ఆమెకు రాదు కాబట్టి, ఆ పని నాచేత చేయిస్తారు! పోయిన నెల ఉండబట్టలేక, "ఈ డబ్బుతో షుగర్ బిళ్లలు వస్తాయి కదమ్మా" అన్నాను. "బిళ్లలు మానలేదు అన్నయ్యగారూ. ఇంతకీ మీ హేతువాద సంఘానికి మీరు నెలకి ఎంత ఇస్తారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఉద్యోగమంతా రక్షణ శాఖ లెక్కలు చూసినవాణ్ణి. వోచరు లేని పద్దును ఒప్పుకోను. ఆ అలవాటుతోనే ఇలాంటి చానళ్లన్నిటికీ పెద్దక్క అనదగిన ఈడబ్ల్యూటీఎన్ చరిత్ర చదివాను.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, ఐరన్‌డేల్ అనే చిన్న ఊళ్లో మదర్ ఏంజెలికా అనే సన్యాసిని ఉండేవారు. 1978లో ఒక టీవీ స్టేషన్ తన మతానికి నచ్చని ధారావాహిక వేస్తోందని గొడవపడి బయటికొచ్చారు. మఠంలో కారు షెడ్డుగా అనుకున్న గదిని స్టూడియోగా మార్చారు. చేతిలో 200 డాలర్లు, తోడు 12 మంది సన్యాసినులు. 1981 ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగ నాడు, రోజుకి నాలుగు గంటల ప్రసారం మొదలైంది. తర్వాత అదే ప్రపంచమంతా పాకిన సంస్థ అయింది.

భక్తులు దీన్ని మహిమ అంటారు. డిష్ యాంటెన్నా తెచ్చిన లారీ గుమ్మంలో నిలబడి ఉండగా, ఎవరో ఫోన్ చేసి 6 లక్షల డాలర్లు ఇచ్చారని కథ చెబుతారు. జరిగిందనే అనుకుందాం. నా పుస్తకంలో దాని పేరు విరాళం. జమ ఖాతాలో రాయవలసిన పద్దు అది!

అసలు రహస్యం మరోచోట ఉంది. ఆమె వాణిజ్య ప్రకటనలు తీసుకోలేదు. కరెంటు బిల్లుకీ గ్యాస్ బిల్లుకీ మధ్య మమ్మల్ని కూడా ఉంచండి అని ప్రేక్షకుల్ని అడిగేవారు. అమెరికా బిషప్పులు 1982లో పెట్టిన సొంత నెట్‌వర్క్ ఇళ్లకి కాక మేత్రాసనాలకి కార్యక్రమాలు పంపింది. అది 1995లో మూతపడింది. రెండిటి దేవుడూ ఒక్కడే కదా! మరి ఒకటి మునిగి, ఒకటి తేలిందేం? తేడా దేవుడిలో లేదు, వసూలు పద్ధతిలో ఉంది.

ఇక స్వస్థతల సంగతి. 1998 జనవరిలో ప్రార్థన తర్వాత కాళ్లకున్న ఊత పట్టీలు తీసేసి నడిచానని మదర్ ఏంజెలికా ప్రకటించారు. 2001లో వరుసగా పక్షవాతం వచ్చి మాట దాదాపు పోయింది. 2016లో మరణించారు. ఎగతాళికి చెప్పడం లేదు. జబ్బుపడ్డ ముసలామెను చూసి నవ్వడం హేతువాదం కాదు. నయమైన రోజు తెరకెక్కుతుంది, నయంకాని సంవత్సరాలు తెరకెక్కవు అని మాత్రమే అంటున్నాను. ఒకవైపు పద్దులే రాసిన లెక్కను ఏ ఆడిటరైనా ఒప్పుకుంటాడా?

మన దగ్గరా తమిళానికి చెన్నై శాంథోమ్‌లోని మాదా టీవీ, తెలుగుకి దివ్యవాణి టీవీ ఉన్నాయి. హిందూ భక్తి చానళ్లకైతే లెక్కే లేదు. మూఢనమ్మకాన్ని ప్రోత్సహించే కార్యక్రమాలు వేయరాదని 1994 కేబుల్ టీవీ నియమాలు చెబుతున్నాయి. మంత్రాలతో, తాయెత్తులతో రోగాలు కుదురుతాయనే ప్రకటనల మీద నిషేధం 1954 చట్టంలోనే ఉంది. వీటిని శిలువకీ, విభూతికీ, తావీదుకీ సమానంగా వర్తింపజేయమని అడగాలి. ఒక్క మతం మీదే అడిగితే అది హేతువాదం కాదు, పక్షపాతం.

కానీ మిత్రులారా, అడగడానికి మనకో గొంతు ఉండాలి కదా! 'హేతువాది' పత్రికకు సంపాదకుడిగా ఉన్న రావిపూడి వెంకటాద్రి నూరేళ్లు దాటి 2023లో కన్నుమూశారు. సంతాప సభల్లో చాలా మాట్లాడుకున్నాం. చందాలు ఎందరం కట్టాం? మహిమల్ని నమ్మనివాళ్లమే, మన పత్రికలు మాత్రం మహిమతో నడవాలనుకుంటాం!

ఈ నెల ఆ చెల్లెమ్మ 200 పంపాను. వెంటనే మా సంఘానికి నా 200 పంపాను. ఆమెకు చానల్ నుంచి రశీదు వచ్చింది. మా కోశాధికారి నుంచి నాకింకా రాలేదు.