మాస్కు ఉన్నన్నాళ్లూ కౌంటర్‌లోనే

2006లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపుకు సేల్స్ గర్ల్ పని అడగడానికి వెళ్లాను. బీఏ పాసయ్యాను. నోటిలెక్క బాగా వచ్చు. మేనేజర్ నా మొహం చూసి అడిగిన మొదటి మాట, ‘‘గుట్కా అలవాటుందా అమ్మా?’’ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే లేదన్నాను. పనైతే ఇచ్చారు గానీ కౌంటర్‌లో కాదు, పై అంతస్తులోని గోదాములో. చీరలు మడతపెట్టడం, ధర చీటీలు అంటించడం. కౌంటర్‌లో వాళ్లకు జీతం మీద కమీషన్ కూడా వచ్చేది. మాకు జీతం ఒక్కటే.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. మా పళ్ల మీద ఉన్నది గార కాదు. గారైతే డాక్టరు గీకితే పోతుంది. పన్ను ఇంకా చిగురులోపల తయారవుతున్నప్పుడే, ఏడెనిమిదేళ్ల లోపు తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్ పెట్టిన మచ్చ ఇది. తోమితే పోయేది కాదు. ఆ సంగతి మా అమ్మకు తెలియదు. ఉప్పూ బొగ్గూ కలిపి, చిగుళ్ల నుంచి నెత్తురు కారేదాకా నాతో తోమించేది. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా బోర్లు ఆ గీతను ఎప్పుడో దాటాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మా గోడు ఢిల్లీకి వినపడాలని నల్లగొండలో వందల మంది నామినేషన్లు వేస్తే, బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది.

చిత్రమేమిటంటే, ఇదే ఫ్లోరైడ్‌ను అమెరికాలో పళ్లు పుచ్చకుండా ఉండేందుకు కొద్ది మోతాదులో నీళ్లలో కలుపుతారు. గ్లీడ్, నైడెల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2010లో ఒక లెక్క తేల్చారు. చిన్నప్పుడు ఆ నీళ్లు తాగి పెరిగిన ఆడవాళ్ల సంపాదన, తాగనివాళ్లకన్నా సుమారు నాలుగు శాతం ఎక్కువట. మగవాళ్లలో దాదాపు తేడా లేదు. పళ్ల విలువ ఆడవాళ్ల జీతంలోనే తేలిందన్నమాట. ఈ ముక్క నాకు 2006లోనే ఎవరైనా చెప్పి ఉంటే ఆశ్చర్యపోయేదాన్ని కాదు.

కరోనాలో షాపు మళ్లీ తెరిచేసరికి మనుషులు చాలక నన్ను కిందికి దింపారు. మొహానికి మాస్కు. ‘‘ఈ అంచుకు ఆ జాకెట్టు నప్పదమ్మా, ఇది చూడండి’’ అని చెబితే వచ్చినవాళ్లు కూర్చుని వినేవాళ్లు. పెళ్లిళ్ల సీజన్‌లో కమీషన్ నాకే ఎక్కువ వచ్చింది. మాస్కులు పోయిన కొద్ది రోజులకే సూపర్‌వైజర్ పిలిచి, ‘‘గోదాములో మనుషులు తక్కువున్నరు, జర చూస్కో అక్కా’’ అన్నాడు. పళ్ల మాట ఎవరూ ఎత్తలేదు.

యజమానినే తిట్టి లాభం లేదు. కర్రీ పాయింట్‌లో కూర కట్టిచ్చే మనిషి నోరు తెరిస్తే నేనూ ముందు పళ్లే చూస్తాను.

ఈ ఫ్లోరైడ్ నీళ్లకే నడుం వంగినవాళ్ల ఫొటోలు పేపర్లలో వచ్చాయి. పంటి మచ్చ మాత్రం ఎవరికీ రోగంలా కనపడలేదు. నిరుడు చీటీ ఎత్తి ముందు నాలుగు పళ్లకు పూత వేయించుకున్నాను. అడిగితే అది అందం కోసం చేసే పనట, ఏ పథకమూ వర్తించదట. గతిలేక తాగిన నీళ్లకు నేను అందం బిల్లు కట్టాను! ఆ నీళ్లు తాగి పెరిగిన ఊళ్లలో, పని వెతుక్కునే వయసు పిల్లలకు ముందు పళ్లు ప్రభుత్వమే బాగుచేయించాలి. ఇది దానం కాదు, బాకీ.

మా అన్నకు ఇద్దరు కొడుకులు. చిన్నవాడు మిషన్ భగీరథ నీళ్లొచ్చాక పుట్టాడు, పళ్లు మల్లెమొగ్గలు. పెద్దవాడివి నావే. వాడికి మిలిటరీ పిచ్చి. అక్కడ పళ్లకు కనీసం 14 పాయింట్లు రావాలని, పైపన్ను కిందపన్నుతో కలిసి నమలగలిగితేనే పాయింటని ఎక్కడో చదివాడట. మొన్న పండక్కి వెళ్తే అద్దం ముందు నోరు తెరిచి లెక్కపెట్టుకుంటున్నాడు.

‘‘అత్తా, నమిలితే చాలంట. రంగు అడగరంట’’ అన్నాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా.