పొదిగే పెట్టకు పరీక్ష

పిల్లలూ! మా అలియాబాద్‌లో గాని, శామీర్‌పేట, మేడ్చల్ చుట్టుపక్కల పల్లెల్లో గాని ఒక ఇంట్లో 12 గుడ్లు పొదగ వేశారంటే ఏమిటి అర్థం? అమ్ముకోకుండా, వండుకోకుండా ఆ గుడ్లన్నీ ఒక పెట్టను నమ్మి అప్పగించారన్నమాట! పెట్ట మధ్యలో లేచిపోతే గుడ్లూ పోతాయి, వాటిలో ప్రాణం పోసుకుంటున్న పిల్లలూ పోతాయి. అందుకే ముందుగా పెట్టను పరీక్షించాలి.

పొదుగుకు వచ్చిన పెట్ట గుడ్లు పెట్టడం మానేస్తుంది. రాత్రింబగళ్లు గూట్లోనే కూర్చుంటుంది. దగ్గరికి వెళితే ఈకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది. మెదడు అడుగున ఉండే చిన్న గ్రంథి నుంచి ప్రోలాక్టిన్ అనే పదార్థం రక్తంలో కలవడమే దీనికి కారణం. అయితే ఒక్క రోజు కూర్చున్నంత మాత్రాన దాన్ని నమ్మరాదు. పనికిరాని గుడ్లు రెండు దాని కింద పెట్టి, మూడు రోజులు చూడండి. కదలక కూర్చుంటే, మంచి గుడ్లన్నీ ఒకేసారి, చీకటి పడ్డాక పెట్టండి.

అన్ని పెట్టలూ పొదగవు. పొదిగే రోజుల్లో పెట్ట గుడ్లు పెట్టదు కదా! అందుచేత మనుషులు ఎక్కువ గుడ్లు పెట్టేవాటినే ఏరి పెంచుతూ వస్తే, పొదిగే గుణం తగ్గిపోయింది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు పెరటి పెంపకానికి మంచివే కాని, పొదగడానికి పనికిరావు. ఆ పని నాటుపెట్టదే. అందులోనూ అసీల్ జాతి పెట్ట దిట్ట.

గుడ్లు వారం లోపువి కావాలి. పగుళ్లు ఉండరాదు. నీళ్లతో కడగరాదు, కడిగితే పెంకు మీది సన్నని పొర పోయి, సూక్ష్మజీవులు లోపలికి చేరతాయి. దుకాణంలో కొన్న ఫారం గుడ్లు ఎన్నాళ్లు పొదిగినా పిల్లలు కావు. ఎందుకంటే అక్కడ పెట్టలతో పుంజులు ఉండవు.

గంపలో గడ్డి పరిచి, కుక్కలూ పిల్లులూ రాని నీడచోట ఉంచండి. దగ్గరలో నూకలో జొన్నలో, మంచినీళ్లూ పెట్టండి. పేలు పట్టకుండా పొర్లాడడానికి పొడి బూడిద పోయండి. పెట్ట రోజుకొకసారి కాసేపు లేస్తుంది. కంగారు పడకండి, గుడ్లు చెడిపోవు. గుడ్లను అదే ముక్కుతో తిప్పుకుంటుంది. తిప్పకపోతే లోపలి పిండం పెంకు లోపొరకు అంటుకుపోతుంది.

ఏడవనాటి రాత్రి, పెద్దవాళ్లను తోడు పెట్టుకుని, గుడ్డు వెనక టార్చిలైటు పట్టి చూడండి. సాలెగూడులా ఎర్రని నరాలు కనబడితే అందులో ప్రాణం ఉన్నట్టే. ఏమీ లేక తేటగా ఉన్న గుడ్డు తీసేయండి. 18వ రోజు దాటాక మాత్రం గుడ్లను ముట్టుకోకండి.

21వ రోజున పిల్లలు పెంకు పొడుచుకుని బయటికి వస్తాయి. కష్టపడుతున్నది కదా అని పెంకు ఒలవకండి! లోపలి రక్తనాళాలు ఇంకా ఆరక, పిల్ల చచ్చిపోవచ్చు. తిండి పెట్టే తొందర కూడా వద్దు. పుట్టే ముందే పచ్చసొన దాని పొట్టలోకి చేరుతుంది. మొదటి రోజుకు అదే ఆహారం.

గుడ్లు పెట్టిన తేదీ గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఇక ఆ 21 రోజులూ మీరు చేయవలసింది కాపలా. మిగతా పని పెట్టకు తెలుసు.