బడ్జెట్లో కోతలు, పార్లమెంటులో కోతలు

మన తెలుగులో కోత అంటే రెండర్థాలున్నాయి. ఒకటి వరి కోత. అది మన పని. రెండోది, వట్టి మాటలు చెప్పేవాణ్ణి చూసి 'కోతలు కోస్తున్నాడ్రా' అంటామే, ఆ కోత. అది నాయకుల పని. ఏటా ఫిబ్రవరి వచ్చేసరికి మూడో కోత కూడా వినబడుతుంది. ఉపాధి పనికి కోత, స్కాలర్‌షిప్పులకు కోత, ఎరువులకు కోత. వెంటనే ఢిల్లీలో ప్రతిపక్షాలు లేస్తాయి. పేదల పొట్ట కొట్టారంటారు, కాగితాలు చించుతారు, బయటికి నడుస్తారు. మర్నాడు పేపర్లో ఫోటో పడుతుంది.

అరవొద్దని నేననను. అరవాల్సిందే. సభలో ఒక్కడూ నోరెత్తకపోతే ఊళ్ళో మనం నోరెత్తడం ఇంకా కష్టమవుద్ది. కానీ అన్నలారా, అక్కలారా, ఆ అరుపుల వల్ల ఎప్పుడైనా మన పేటకు ఒక్క రూపాయి తిరిగొచ్చిందా? రాకపోతే ఎందుకు రాలేదు? మన సంఘాల మీటింగుల్లో ఈ లెక్క తీయకుండా ఊరికే 'ప్రతిపక్షం పోరాడుతోంది' అని చెప్పుకుంటూ పోతే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

ముందు సభ రూలు తెలుసుకుందాం. రాజ్యాంగం 113వ అధికరణం ప్రకారం ప్రభుత్వం ఒక్కో శాఖ ఖర్చును పద్దుగా లోక్‌సభ ముందు పెడుతుంది. సభ ఒప్పుకోవచ్చు, వద్దనొచ్చు, తగ్గించొచ్చు. పెంచే అధికారం మాత్రం లేదు. అంటే దళిత పిల్లల చదువుకు ఇచ్చింది చాలదు, ఇంకో వంద కోట్లు కలపండి అని ఏ ఎం.పి. తీర్మానం పెట్టినా చెల్లదు. మరేం చెయ్యాలి? అదే పద్దులో వంద రూపాయలు తగ్గించమని తీర్మానం పెట్టాలి! దాన్నే కోత తీర్మానం అంటారు. ఆకలేస్తోందని చెప్పడానికి 'నా కంచంలో ఒక మెతుకు తీసెయ్యండి' అని అడిగినట్టుంటుంది. అయినా దానికి బలం లేకపోలేదు. అది నెగ్గితే ప్రభుత్వానికి సభలో మెజారిటీ పోయినట్టే లెక్క. అందుకే నెగ్గనియ్యరు.

2010 ఏప్రిల్ 27న ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఆ ఏడాది పెట్రోలు, డీజిలు, ఎరువుల ధరలు పెంచినందుకు లెఫ్టు పార్టీలూ బిజెపీ వేర్వేరుగా కోత తీర్మానాలు పెట్టాయి. ధరల మీద అప్పటిదాకా గొంతు చించుకున్న సమాజ్‌వాదీ, రాష్ట్రీయ జనతాదళ్ సభ్యులు ఓటింగు వేళకు బయటికి నడిచారు. మన బహుజన సమాజ్ పార్టీ ఏం చేసింది? ఆ పార్టీకప్పుడు 21 మంది ఎం.పి.లు. ధరల పెంపు తప్పేనంటూనే, మతతత్వ శక్తులకు అవకాశం ఇవ్వకూడదని చెప్పి, ప్రభుత్వం పక్షాన ఓటేసింది. తీర్మానానికి 201 ఓట్లు, వ్యతిరేకంగా 289. ఆ కారణంలో నిజం లేదని నేననను. కానీ డీజిలు ధర పెరిగితే ఆటో ఛార్జీ కట్టేది మనమే. ఆనాటి ఓటు గురించి మనోళ్ళు మనోళ్ళనే ఎందుకు అడగలేదు? మనది కాబట్టి అడగొద్దనుకుంటే, దొరల పార్టీలను అడిగే నోరు మనకుండదు.

ఇక రిజర్వుడు సీట్ల సంగతి. లోక్‌సభలో ఎస్సీ సీట్లు 84. తెలుగు నేల మీద ఏడు: ఆంధ్రాలో అమలాపురం, బాపట్ల, తిరుపతి, చిత్తూరు, తెలంగాణలో వరంగల్, పెద్దపల్లి, నాగర్‌కర్నూలు. ఈ 84 మందీ ఒక్కమాట మీద నిలబడితే ఏ ప్రభుత్వమైనా ఆలోచిస్తుంది. నిలబడరు. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం ప్రకారం విప్‌కు ఎదురు ఓటేస్తే పార్టీ అతని సీటు ఊడగొట్టించొచ్చు. టికెట్టు ఇచ్చింది పార్టీ, గెలిపించింది అన్ని కులాల ఓటర్లు. పూనా ఒప్పందం నాటి నుంచి మన ప్రతినిధికి ఉన్న తాడు అదే. ఆ తాడుకు ఇంకో ముడి వేసింది ఈ చట్టం. కానీ ఓటు వెయ్యలేకపోయినా నోరు తెరిచి మాట్లాడొచ్చు. మాట్లాడితే సీటు పోదు. ఇది మాత్రం మర్చిపోవద్దు.

నోరు తెరిచే టైము కూడా లేకుండా చేసే పద్ధతి ఒకటుంది, దాని పేరు గిలెటిన్. ఇచ్చిన రోజులు అయిపోగానే చర్చ జరగని పద్దులన్నీ ఒక్కసారిగా ఓటుకు పెట్టి దులిపేసుకుంటారు. 2018 మార్చి 14న శాఖలన్నిటి పద్దులూ, ఆర్థిక బిల్లూ కలిపి దాదాపు అరగంటలో, ఏ చర్చా లేకుండా అయిపోయాయి. ఆ అరగంటా సభలో గోల. గోల చేసేవాళ్ళలో మన తెలుగు ఎం.పి.లూ ఉన్నారు. తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ వాళ్ళు ప్రత్యేక హోదా కోసం, టిఆర్ఎస్ వాళ్ళు రిజర్వేషన్ల కోటా కోసం ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. డిమాండ్లు న్యాయమైనవే. కానీ వాళ్ళ కళ్ళ ముందే దేశం మొత్తం ఏడాది ఖర్చు దాటిపోయింది. గోల ప్రభుత్వానికి అడ్డం కాలేదు, తెర అయింది. 2023 మార్చి 23న కూడా ఇంతే, గోలలోనే పద్దులన్నీ చర్చ లేకుండా పాసయ్యాయి.

అయితే ప్రభుత్వాలు ఎప్పుడూ వెనక్కి తగ్గవా? తగ్గుతాయి. 1991 జూలైలో మన్మోహన్ సింగ్ బడ్జెట్ ఎరువుల ధర 40 శాతం పెంచింది. సొంత పార్టీ ఎం.పి.లతో సహా అందరూ తిరగబడ్డారు. రెండు వారాల్లో పెంపు 30 శాతానికి దిగింది, చిన్న సన్నకారు రైతులకు మినహాయింపు వచ్చింది. మంచిదే. మనలో ఎకరం అరెకరం ఉన్నోళ్ళకూ అది పనికొచ్చింది. అదే కాలంలో, 1991 డిసెంబరు నుంచి 1994 ఫిబ్రవరి లోపు, కేంద్రం రేషను బియ్యం ధర మూడుసార్లు పెంచింది. దాన్ని ఎవరు వెనక్కి తీయించారు? ఎవరూ లేదు. ఎరువు కొనేవాడు సభలో ఉన్నాడు, రేషను బియ్యం తినేవాడు లేడు. అంతకంటే పెద్ద రహస్యమేమీ లేదు.

అసలు కోత బడ్జెట్ రోజున పడదు, తర్వాత పడుద్ది. ఉపాధి హామీ చూడండి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన పని అది. 2022-23లో సవరించిన అంచనా ప్రకారం 89,400 కోట్లు కావాల్సొచ్చింది. మరుసటి ఏడాది బడ్జెట్లో పెట్టింది 60,000 కోట్లు. అడిగినోడికి పని ఇవ్వాలని చట్టం ఉంది కాబట్టి మళ్ళీ 86,000 కోట్లకు సవరించక తప్పలేదు. సవరించేదాకా ఏమయింది? కూలి బకాయి. బకాయి అంటే కూలోడు సర్కారుకు వడ్డీ లేని అప్పు ఇచ్చినట్టు. మనం షావుకారు దగ్గర వడ్డీకి తెచ్చుకుని సర్కారుకు వడ్డీ లేకుండా ఇచ్చాం!

సబ్‌ప్లాను సంగతీ అంతే. ఢిల్లీలో ఎస్సీల కోసం పెట్టిన సొమ్ము దాదాపు 700 కోట్లు కామన్వెల్తు ఆటలకు మళ్ళించారని 2010లో బయటపడింది. పార్లమెంటులో ప్రతిపక్షాలు నిలదీస్తే హోంమంత్రి అది తప్పేనని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇక్కడ మన దగ్గర సంఘాలు ఏళ్ళ తరబడి ధర్నాలు చేస్తే 2012 డిసెంబరులో శాసనసభ ప్రత్యేకంగా కూర్చుంది, 2013లో సబ్‌ప్లాను చట్టమైంది. కేంద్రంలో అలాంటి చట్టం రాలేదు. పైగా 2017-18లో ప్రణాళిక, ప్రణాళికేతర ఖర్చుల తేడానే తీసేసి, సబ్‌ప్లాను పేరును ఎస్సీల సంక్షేమ కేటాయింపులుగా మార్చేశారు.

చట్టం ఉంటే డబ్బు తగ్గించినా అడిగే హక్కు మిగులుతుంది. అది తెలిసే 2025 డిసెంబరులో ఉపాధి చట్టాన్నే తీసేసి వేరే చట్టం తెచ్చారు. పేరుకు 100 రోజులు 125 అయ్యాయి. కానీ ఏ రాష్ట్రానికి ఎంతో కేంద్రమే ముందు ఖరారు చేస్తుంది, మన లాంటి రాష్ట్రాలు 40 శాతం పెట్టుకోవాలి, నాట్లు కోతల కాలంలో మొత్తం 60 రోజులు పని ఆపొచ్చు. ఆ 60 రోజులూ రైతు చెప్పిన కూలికే పోవాలన్నమాట. ఈ ఏర్పాటు ఎవరికోసమో పల్లెలో పసిపిల్లోడినడిగినా చెప్తాడు. ప్రతిపక్షం కమిటీకి పంపమంది, కాగితాలు చించింది. మూజువాణి ఓటుతో పాసైపోయింది.

1927లో బాబాసాహెబ్ బొంబాయి కౌన్సిల్లో నామినేటెడ్ సభ్యుడు. వెనకాల పార్టీ లేదు, విప్ లేదు. ఫిబ్రవరి 24న బడ్జెట్ మీద లేచి ఒక చిన్న లెక్క చెప్పాడు. ఆదాయం లేనోడు ఆదాయపు పన్ను కట్టక్కర్లేదు, కానీ పంట పండకపోయినా పేద రైతు శిస్తు కట్టాల్సిందే, ఇదెక్కడి న్యాయం అని. గోల చెయ్యలేదు. పద్దు చదివి మాట్లాడాడు. మన ఏడుగురిలో ఎంతమంది పద్దు చదువుతున్నారు?

ఎం.పి. ఊరికొచ్చినప్పుడు దండ వెయ్యండి, కాదనను. దండ వేసిన చేత్తోనే కాగితం ఇవ్వండి: సాంఘిక న్యాయ శాఖ పద్దు మీద కోత తీర్మానం నోటీసు ఇచ్చావా, గిలెటిన్ రోజు ఎక్కడున్నావు, ఎన్ని నిమిషాలు మాట్లాడావు. జవాబు రాయించుకుని వచ్చే సంచికకు పంపండి, వేస్తాం. ఆ 40 శాతం సంగతి ఎమ్మెల్యేలనడగాలి. శాసనసభలో కూడా కోత తీర్మానం ఉంది, రూలు ఒకటే. పంచాయతీరాజ్ పద్దు ఏ తేదీన వస్తుందో కనుక్కుని, అంతకు వారం ముందే వాళ్ళ ఇంటి ముందు కూర్చోవాలి. ఓటింగు అయ్యాక పోతే టీ ఇచ్చి పంపిస్తారు.