కాలం మారితే మార్చాల్సింది ట్యూబు కాదు



చర్మం గురించి ఓ.పి.కి వచ్చేవారిలో చాలామంది చేతిలో సగం వాడిన ట్యూబు ఒకటి ఉంటుంది. ఎండాకాలం చెమటకాయలకు పూసింది అదే, వానాకాలం తామరకు పూసింది అదే, చలికాలం పగుళ్లకూ అదే. "మొదట్లో బాగా పట్టింది సిస్టరమ్మా, ఇప్పుడు పట్టడం లేదు" అంటారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన చర్మపు బాధల్లో సగం కాలంతో వచ్చేవి. స్నానం, బట్ట, నూనె కాలాన్నిబట్టి మార్చుకుంటే అవి చాలావరకు ఇంట్లోనే అదుపులో ఉంటాయి. అవి మార్చకుండా ట్యూబులు మార్చుకుంటూ పోవడమే అసలు ప్రమాదం.

ఎండాకాలం

మన కోయిలకుంట్ల, నంద్యాల వైపు మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలకు పోవడం మనకు కొత్త కాదు. చెమట బయటికి వచ్చే సన్నని దారులు మూసుకుపోతే చెమటకాయలు వస్తాయి. రెండు పూటలా చన్నీళ్ల స్నానం చేయండి, సబ్బు ఒక్క పూట చాలు. పలచని నూలు బట్టలు వేసుకోండి. చెమట మీద పౌడరు మందంగా చల్లితే అది ముద్ద కట్టి ఇంకా చిరాకు చేస్తుంది. పసిబిడ్డకు చెమటకాయలు ఉన్నన్ని రోజులు ఒంటికి నూనె రుద్దడం ఆపండి. గాలి తగిలేలా ఉంచితే చాలావరకు వాటంతటవే తగ్గుతాయి.

వానాకాలం

ఈ కాలంలో చర్మానికి శత్రువు తడి. వరి మడిలో నాట్లు, కలుపు పనికి దిగినవారి కాలి వేళ్ల సందులు నాని, తెల్లబడి, పుండవుతాయి. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని వేళ్ల సందులు పొడిబట్టతో ఒత్తి తుడవండి. సందుల్లో నూనె పెట్టకండి. తామర కూడా ఇప్పుడే విజృంభిస్తుంది. గజ్జల్లో, చంకల్లో, లంగా నాడా బిగించే చోట చెమట నిలిచి మొదలవుతుంది. సగం ఆరిన బట్ట వేసుకోకండి, ఎండ లేని రోజున ఇస్త్రీ చేసి వేసుకోండి. ఇంట్లో ఎవరి తువ్వాలు వారికి ఉండాలి. బిగుతు జీన్సు, లెగ్గింగు తగ్గేవరకు పక్కన పెట్టాలి.

చలికాలం

చలిగాలి చర్మంలోని తేమను లాగేస్తుంది. పైగా మనం పొగలు కక్కే నీళ్లు పోసుకుని, ఒళ్లంతా సబ్బు రుద్ది, ఉన్న జిడ్డును కూడా కడిగేస్తాం. గోరువెచ్చని నీళ్లు చాలు. సబ్బు చంకలు, గజ్జలు, పాదాల వరకే వాడండి. తుడుచుకున్న వెంటనే, ఒంట్లో ఇంకా చెమ్మ ఉండగానే కొబ్బరినూనె గాని వాజలిన్ గాని రాయండి. పెద్దవాళ్ల ఒంటి దురద చాలావరకు దీనితోనే శాంతిస్తుంది.

మన నల్లరేగడి నేలల్లో శనగ చేతికొచ్చేదీ ఈ చలిలోనే. శనగ మొక్క మీద పుల్లని రసం ఊరుతుంది. అందులో మాలిక్, ఆక్జాలిక్ అనే ఆమ్లాలు ఉంటాయి. అసలే పొడిబారిన చేతులకు ఆ పులుపు తగిలితే మంట, పగుళ్లు వస్తాయి. యంత్రంతో కోయించేవారు ఉన్నా, చేత్తో పీకేవారు చేతులకు పాత మేజోళ్లైనా తొడుక్కోండి. మధ్యాహ్నం మంచినీళ్లతో చేతులు కడుక్కుని నూనె రాసుకోండి.

మడమల పగుళ్లకు పద్ధతి పాతదే: నీళ్లలో నానబెట్టడం, రుద్దడం, నూనె పట్టించడం. స్పర్శ పోయిన కుష్ఠు రోగుల పాదాలను కాపాడడానికి కరిగిరి ఆసుపత్రిలో నేర్పిందీ ఇదే. షుగరు ఉన్నవారికి మాత్రం ఒక హెచ్చరిక. మీ కాలికి వేడి తెలియకపోవచ్చు. నీళ్ల వేడిని ఇంట్లో మరొకరు చేయి పెట్టి చూడాలి. ఎక్కువసేపు నానబెట్టకండి, బ్లేడుతో గీకకండి. పగులులోంచి రక్తం, చీము కనిపిస్తే ఆ రోజే రండి. చిన్న పగులుతో మొదలై వేలు తీసేయాల్సిన దశకు వెళ్లే పాదాలు ఉంటాయి.

ఇక ఆ ట్యూబు సంగతి

ట్యూబు మీది చిన్న అక్షరాలు చదివించుకోండి. బీటామెథజోన్, క్లోబెటసాల్, మొమెటజోన్ అనే మాట ఉంటే అందులో స్టిరాయిడ్ ఉన్నట్టు. స్టిరాయిడ్ చెడ్డ మందని కాదు. కొన్ని జబ్బులకు డాక్టర్లే రాస్తారు, ఎన్ని రోజులో కూడా రాస్తారు. కానీ తామర మీద పూస్తే రెండు మూడు రోజుల్లో దురద, ఎరుపు తగ్గుతాయి, లోపల బూజు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. పూత ఆపగానే ఇంకా వెడల్పుగా లేస్తుంది. ఇప్పుడు మన దేశంలో మామూలు మాత్రలకు లొంగని తామర బాగా వ్యాపించింది. దాన్ని కలిగించే బూజుకు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు కూడా పెట్టారు. ఇలాంటి రోజుల్లో తోచిన ట్యూబు పూయడం నిప్పుకు గడ్డి వేయడమే.

తెల్లబడాలని ఆడపిల్లలు ముఖానికి ఇవే పూస్తున్నారు. కొంతకాలానికి చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు, నూగు వెంట్రుకలు వస్తాయి. తొడల మీద పడిన చారలైతే జన్మకు పోవు. డాక్టరు చీటీ లేనిదే స్టిరాయిడ్ పూతలు అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. అయినా అడిగితే దొరుకుతూనే ఉన్నాయి. రోగిని ఒక్కరినే తప్పుపట్టలేను. ఆసుపత్రికి వస్తే ఒక రోజు కూలి పోతుంది, మందుల షాపు వీధి చివరే ఉంటుంది. అందుకే అడిగేవారు, అమ్మేవారు ఇద్దరూ మారాలని నా మనవి.

కాలంతో పోని మచ్చ

చెమటకాయలు వానతో పోతాయి, చలి పగుళ్లు ఎండతో పోతాయి. ఏ కాలంలోనూ పోకుండా, దురద లేకుండా, తాకితే తెలియకుండా ఉండే పాలిపోయిన మచ్చ గాని ఎర్రని మచ్చ గాని ఉంటే దాన్ని చలిపొడలే అనుకుని నూనె రాస్తూ కూర్చోకండి. అది కుష్ఠు కావచ్చు. జాతీయ స్థాయిలో కుష్ఠు పదివేలమందికి ఒకరి కంటే తగ్గిందని 2005 డిసెంబరులో ప్రకటించారు. కానీ ప్రపంచంలో ఏటా కొత్తగా తేలే కేసుల్లో సగానికి పైగా నేటికీ మన దేశంలోనివే. మందు ఉచితం. రకాన్నిబట్టి 6 నెలలు లేదా 12 నెలలు వాడితే నయమవుతుంది. వేలూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ లోకానికి చూపింది ఏమిటంటే, ఈ జబ్బులో వేళ్లు పోవడానికి పెద్ద కారణం నొప్పి తెలియక తగిలే దెబ్బలు, కాలిన గాయాలు. స్పర్శ పోకముందే వస్తే చేతులు, కాళ్లు దక్కుతాయి. సిగ్గుపడి దాచుకుంటే దక్కవు.

చివరగా మూడు మాటలు. కాలానికి తగిన జాగ్రత్తలు వారం రోజులు చేసి చూడండి. తగ్గకపోతే రండి, ఇంతవరకు పూసిన ట్యూబును కూడా దాచకుండా తెండి. రాత్రిళ్లు ఇంట్లో ఇద్దరు ముగ్గురికి దురదగా ఉంటే గజ్జి కావచ్చు, అప్పుడు ఇంటిల్లిపాదీ ఒకే రోజు మందు రాసుకోవాలి. స్పర్శ లేని మచ్చ కనిపిస్తే మాత్రం వారం కూడా ఆగకండి. మా వరకు రాలేకపోతే మీ ఊరి ఆశా కార్యకర్తకో, ఏ.ఎన్.ఎం.కో చూపించండి. ఎవరికి చూపించారన్నది ముఖ్యం కాదు, ఎంత త్వరగా చూపించారన్నదే ముఖ్యం.

— నర్సింగ్ సూపరింటెండెంట్