లాజవర్ద్‌కి తాళమెందుకు?

ఈ మధ్య మన ఇళ్లలో ఒక షౌక్ పెరిగింది. పాత అంగ్రేజీ నీలం-తెలుపు రికాబీలు కొనడం, షోకేసులో నిలబెట్టి తాళం వేయడం. మెహమాన్ వస్తే ఒకటి తీసి, వెనక్కి తిప్పి, ముద్ర చూపించడం. "అసల్ ఇంగ్లండ్‌ది సాహెబ్!" కొనుక్కోండి, మనా లేదు. ఖూబ్‌సూరత్ చీజే. ఆ 'అసల్' అనే మాట దగ్గరే నా జగ్డా.

తెల్లటి పాత్ర మీద నీలం రాసే పని 9వ శతాబ్దంలోనే అబ్బాసీల ఇరాక్‌లో, బస్రా కుమ్మరుల చేతుల్లో ఉంది. చైనా తెల్ల పింగాణీ చూసి వాళ్లు తమ మట్టితో నకల్ చేశారు, దాని మీద కోబాల్ట్‌తో పూలు గీశారు. (చైనా తెలుపు లేకుంటే బస్రా నీలం లేదు. అంతా మనదేనని డప్పు కొట్టడం కూడా తప్పే.) 1301లో అబుల్ ఖాసిం కాషానీ కుమ్మరి హునర్ మీద రాసిన రిసాలాలో ఈ రాయి పేరు లాజవర్ద్. కాషాన్ పక్కన ఖమ్సర్‌లో దొరికేది. తర్వాత ఇరాన్ కోబాల్ట్ చైనాలోని జింగ్‌దెజెన్ బట్టీలకు చేరింది. మింగ్ కాలంలో చైనావాళ్లే ఒక నీలానికి 'హుయ్ హుయ్ చింగ్' అని పేరు పెట్టారు. అంటే ముసల్మానుల నీలం!

ఇంగ్లండ్ వంతు ఎప్పుడొచ్చింది? 1784 ప్రాంతంలో. రాగి పలక మీద చెక్కిన బొమ్మను పల్చటి కాగితంతో పాత్రకు ఎక్కించి, పైన గ్లేజ్ వేసే పద్ధతిని స్టోక్‌లో జోసయ్య స్పోడ్ చక్కబెట్టాడు. దాద్ ఇవ్వాల్సిందే. కానీ 'విల్లో' రికాబీ మీది చైనా ప్రేమ కిస్సా మాత్రం ఇంగ్లండ్‌లోనే అల్లింది. ఇక ఆ ముద్ర సంగతి. 'ఇంగ్లండ్' అని ఉంటే సాధారణంగా 1891 తర్వాతది, అమెరికా సుంకం చట్టం కోసం వేసింది. 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని ఉంటే చాలావరకు 20వ శతాబ్దపుది. దుకాణదారు కసమ్ తిని రెండొందల ఏళ్లదన్నా నమ్మకండి.

ఎముకల బూడిద కలుస్తుందని కొందరు ఆపాలకు వస్‌వసా. అది బోన్ చైనా. పాత నీలం అచ్చు పళ్లేల్లో ఎక్కువభాగం మట్టివే.

తహజీబ్ అంటే లండన్ నుంచి డబ్బాలో దిగిన సామాను అని పిల్లల దిమాగ్‌లో ఎక్కించడమే నాకు మండేది. ఇది జెహనీ గులామీ కాక ఏమిటి? తాళం తీయండి. ఇఫ్తార్‌లో ఖజూర్లు, ఈద్‌కి బాదం కీ జాలీ ఆ రికాబీలోనే దస్తర్‌ఖాన్ మీద పెట్టండి. బస్రా పేరు అప్పుడు చెప్పండి. చింతపండు సాలన్, నిమ్మకాయ అచార్ మాత్రం వద్దు, పాత గ్లేజ్‌లో సీసం ఉండొచ్చు. గోరువెచ్చని నీళ్లతో చేత్తో కడగండి, బ్లీచ్ ముట్టించకండి. పేర్చేటప్పుడు మధ్య మల్మల్ గుడ్డ వేయండి. పగుళ్లు పట్టినవాటిని గోడకే ఉంచండి.