ఈ నెల మాట: పులియడం

ఇడ్లీపిండి రాత్రంతా పులిస్తే పొంగుతుంది. ఇంకో రోజు బయట వదిలేస్తే నోట్లో పెట్టుకోలేం. ఈ మాటను ఈసారి వంటింటి నుంచి పామాయిల్ మిల్లుకు తీసుకెళ్దాం.

మిల్లులో గెలలను ఆవిరిలో ఉడికించి నూనె తీస్తారు. ఒక టన్ను నూనెకు రెండున్నర టన్నులకు పైగా వేడి వేడి మురుగునీరు మిగులుతుంది. అందులో ఉన్నది నూనె, పిప్పి, అంటే సూక్ష్మజీవులకు మంచి భోజనం. చిక్కు కూడా అక్కడే ఉంది. ఆ నీళ్ళు నదిలో కలిస్తే సూక్ష్మజీవులు తిని పెరిగి, నీటిలోని ఆక్సిజన్ అంతా వాడేస్తాయి. చేపలకు ఊపిరాడదు.

అలా ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందో చెప్పే కొలతే బీఓడీ. మిల్లు నీటిలో అది లీటరుకు సుమారు 25,000 మిల్లీగ్రాములు. నదిలోకి వదిలే నీటికి మలేషియా ప్రభుత్వం 1978లో 5,000 పరిమితి పెట్టింది. 1984 నాటికి దాన్ని 100కు దించింది!

అందుకే మిల్లు వెనక వరసగా చెరువులు కనిపిస్తాయి. మలయ్‌లో 'కోలామ్', తెలుగులో 'కొలను': రెండూ చుట్టాలే.

గాలి తగలని లోతైన కొలనులో రెండు జట్లు పనిచేస్తాయి. మొదటి జట్టు పిప్పిని తిని పులుపు చేస్తుంది. రెండో జట్టు ఆ పులుపును తిని మీథేన్ గ్యాస్ వదులుతుంది. మొదటిది చురుకు, మొండి. రెండోది నిదానం, సుకుమారం. పీహెచ్ 7 దగ్గర ఉంటేనే దానికి సుఖం.

గెలలు విరగకాసే నెలల్లో మిల్లు ఎక్కువ నీరు వదిలితే ఏమవుతుంది? పులుపు పెరుగుతుంది, రెండో జట్టు నీరసపడుతుంది, బుడగలు తగ్గిపోతాయి. సున్నం వేస్తే పులుపు విరుగుతుంది కానీ, తగ్గిపోయిన జట్టు వెంటనే తిరిగి పెరగదు. కాబట్టి కొత్త నీటిని తగ్గించాలి. బాగా పనిచేస్తున్న కొలను నుంచి బురదనీరు తెచ్చి కలపాలి. పాలకు తోడు వేస్తాం కదా, అలాగన్నమాట. ('తోడు' అంటే స్నేహం కూడా. గుర్తుపెట్టుకోండి, ఎప్పుడైనా పనికొస్తుంది.)

ఆ తర్వాతి కొలనులు లోతు తక్కువ. అక్కడ గాలి పీల్చే సూక్ష్మజీవులు మిగిలినదాన్ని తింటాయి. కొన్ని మిల్లులు ఇప్పుడు లోతైన కొలను మీద పెద్ద కప్పు పరిచి, ఆ మీథేన్‌ను పట్టి కరెంటు తీస్తున్నాయి. ఈసారి ఎస్టేట్ దారిలో వెళ్ళేటప్పుడు చూడండి: నల్లగా ఉబ్బిన గుడారంలా కనిపిస్తే, అదే.